పాట వాళ్ళది, ప్లేటు ఎవరిది?

(డప్పు, పాట కళాకారుల శిక్షణ తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను పాటగాణ్ణి కాదు, బడిపంతుల్ని. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. పాట గురించి మీకు చెప్పేంత వాణ్ణి కాదు. కాని నిన్న రాత్రి బువ్వ తినేటప్పుడు ఒక తమ్ముడు నన్ను నిలదీసిండు. "సార్, మీ ఇంట్ల పాత గ్రామఫోను ప్లేట్లు దాచిపెట్టుకున్నరట. అవి గూడ అమెరికా పాటలట. గది పైసలున్నోళ్ళ షోకు గదా, మనకెందుకు?" అని అడిగిండు. సరిగ్గా అడిగిండు. నేనప్పుడు నవ్వి ఊరుకున్న. ఇప్పుడు మీ అందరి ముందు జవాబు చెప్తున్న.

నా దగ్గర నలభై ఒక్క ప్లేట్లున్నాయి. మొదటిది హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో దొరికింది. బడికి గోడగడియారం కొందామని పోయిన. పాత ఇనుప సామాన్ల నడుమ ఒక నల్ల ప్లేటు కనబడ్డది. అంచు కొద్దిగా పగిలింది. మీద లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని పేరుంది, కింద మేడ్ ఇన్ ఇండియా అని ఉంది. అమెరికా పాట మన దేశంలో తయారవడమేంది అని యాభై రూపాయలిచ్చి తెచ్చుకున్న. వినడానికి యంత్రం లేదు. ఎనిమిది నెలలు బీరువా మీదనే ఉంది. చివరికి గ్రామఫోన్లు బాగుచేసే ఒక ముసలాయన పెట్టి వినిపించిండు. సూది దించగానే గరగర, మంగలంలో జొన్నలు పేలినట్టు. ఆ గరగర లోనుంచి బూర లేచింది. ఒకడు బూరతో ఒక మాట అంటాడు, మిగతావాళ్ళు అందుకుంటారు. ఒగ్గు కథలో కథకుడు అంటే వంతగాళ్ళు అందుకున్నట్టే. ఆ భాష నాకు తెలువదు, ఆ పద్ధతి మాత్రం నేను పుట్టినప్పటి నుంచి విన్నదే.

ముందు ఈ ప్లేటు సంగతి చెప్తాను. అప్పటి ప్లేటు నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది. పది అంగుళాల ప్లేటు మీద ఒక పక్క మూడు నిమిషాల పాట పడుతుంది. అందుకే ఆ కాలపు పాటలన్నీ మూడు నిమిషాలవే. ప్లేటును రాతిపొడి, మసి, లక్క కలిపి చేసేవారు. లక్క ఎక్కడిది? మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద పురుగు పెట్టే బంక అది. ప్రపంచానికి లక్క ఎక్కువగా పోయింది మన దేశం నుంచే. ఛోటానాగపూర్ అడవుల్లో ఆదివాసీలు కొమ్మలు కోసి, గీకి ఇస్తే, అది కలకత్తా మీదుగా ఓడలెక్కింది. 1942 లో యుద్ధం వల్ల లక్క అందక, అమెరికా ప్రభుత్వం రికార్డు కంపెనీల వాడకాన్ని 70 శాతం తగ్గించింది. కొత్త ప్లేట్ల కోసం పాత ప్లేట్లు కరిగించారు. అంటే అక్కడి నల్లవాళ్ళ పాటను మోసింది ఇక్కడి ఆదివాసీ చేతుల కష్టం. వాళ్ళ పేరు వీళ్ళకు తెలువదు, వీళ్ళ పేరు వాళ్ళకు తెలువదు. ప్లేటు మీద రెండు పేర్లకూ చోటు లేదు, కంపెనీ పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంది.

ఇప్పుడు ఆ పాట సంగతి. ఆ పాటను జాజ్ అంటారు. అమెరికా దక్షిణాన న్యూ ఆర్లియన్స్ అనే రేవు పట్నంలో పుట్టింది. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చి అమ్మిన మనుషుల బిడ్డలు పుట్టించింది. బానిసల చేతిలో డోలు ఉంటే యజమానులకు భయం. 1739 లో దక్షిణ కరోలినాలో బానిసలు డోళ్ళు కొట్టుకుంటూ తిరగబడితే, మరుసటి ఏడు చట్టం తెచ్చి డోలునే నిషేధించారు. డోలు కబురు మోస్తుందని వాళ్ళకు అర్థమైంది. న్యూ ఆర్లియన్స్‌లో మాత్రం ఆదివారం ఒక్కపూట, కాంగో స్క్వేర్ అనే ఒకే ఒక్క మైదానంలో ఆడుకోనిచ్చారు. 1865 లో బానిసత్వం చట్టం ప్రకారం పోయింది. కాని అదే ఊళ్ళో 1892 లో హోమర్ ప్లెస్సీ అనే మనిషి తెల్లవాళ్ళ రైలు పెట్టెలో కూర్చున్నందుకు అరెస్టు చేశారు. 1896 లో సుప్రీంకోర్టు వేరు పెట్టెలు న్యాయమేనని తీర్పు చెప్పింది. రెండు గ్లాసుల హోటల్ చూసినోళ్ళం, మనకు ఇది విడమరిచి చెప్పాల్నా?

ఆ వేరు పెట్టెల కాలంలోనే జాజ్ పెరిగింది. బడ్డీ బోల్డెన్ అనే ఒకాయన కార్నెట్ అనే చిన్న బూర ఊదేవాడు. జాజ్‌కు తొలి పెద్ద ఆయనేనని ఆ ఊరివాళ్ళు తరతరాలుగా చెప్పుకున్నారు. 1907 లో ఆయన్ని పిచ్చాసుపత్రిలో వేశారు, 1931 లో అక్కడే చనిపోయాడు. గుర్తు లేని గోతిలో పూడ్చారు. ఆయన బూర పట్టిన ప్లేటు ఒక్కటి కూడా ఇంతవరకు దొరకలేదు. 1917 లో జాజ్ పేరుతో మొదటి ప్లేటు వచ్చింది. వాయించినవాళ్ళు అయిదుగురూ తెల్లవాళ్ళే. నల్లవాడి పాట లోకానికి మొదట తెల్లవాడి పేరు మీద చేరింది. వినేవాళ్ళు ఏమనుకుంటారు? కనిపెట్టినోళ్ళు వీళ్ళే అనుకుంటారు. రికార్డు అంటే సాక్ష్యం. మీరెంత గొప్పగా వాయించినా, సాక్ష్యం లేకపోతే కోర్టులో కేసు నిలువదు.

1920 లో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని పాడిన బ్లూస్ ప్లేటు వచ్చింది. కంపెనీవాళ్ళు లెక్క వేయలేదు, నల్లవాళ్ళు ప్లేట్లు కొంటారా అని. విరగబడి కొన్నారు. దాంతో ప్రతి కంపెనీ నల్లవాళ్ళ కోసం వేరే వరుస మొదలుపెట్టింది. వాటిని రేస్ రికార్డులు అన్నారు. బడిలో వేరు బల్ల, రైల్లో వేరు పెట్టె, దుకాణంలో వేరు ప్లేటు. పాడినవాళ్ళకు ప్లేటుకింత అని ఒకసారి చేతిలో పెట్టేవారు. ఎన్ని అమ్ముడుపోయినా చాలామందికి తర్వాత పైసా రాలేదు.

మరి మనమే కంపెనీ పెట్టుకుంటే ఏమని ఆలోచించినవాళ్ళు కూడా ఉన్నారు. 1921 లో హ్యారీ పేస్ అనే నల్లజాతి వ్యాపారి బ్లాక్ స్వాన్ అనే కంపెనీ పెట్టాడు. అంటే నల్ల హంస. దాని డైరెక్టర్లలో ఒకరు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 1946 లో మన బాబాసాహెబ్ ఉత్తరం రాసింది ఈయనకే. నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టిన అర్జీ ప్రతి కావాలని అడిగారు.

కాని ఇక్కడ మనం నేర్చుకోవలసిన సంగతి ఇంకొకటుంది. ఆ నల్ల హంస దగ్గరికి బెస్సీ స్మిత్ అనే గాయని వచ్చింది. పేదింట్లో పుట్టి, వీధుల్లో పాడి పెరిగిన మనిషి. ఆమె గొంతు మరీ మొరటని చదువుకున్న మనవాళ్ళే తిప్పి పంపారు. తెల్లవాళ్ళ ముందు మర్యాదగా కనబడాలని వాళ్ళ ఆరాటం. 1923 లో తెల్లవాళ్ళ కంపెనీ కొలంబియా ఆమెను పాడించుకుని లాభాలు గడించింది. అదే ఏడు బ్లాక్ స్వాన్ దివాళా తీసింది. బెస్సీ స్మిత్ 1937 లో కారు ప్రమాదంలో చనిపోయింది. ముప్పై ఏళ్ళు దాటినా సమాధి మీద రాయి లేదు. 1970 లో ఇద్దరు స్త్రీలు డబ్బు కట్టి రాయి పెట్టించారు. ఒకామె పాటగత్తె జానిస్ జాప్లిన్, ఇంకొకామె చిన్నప్పుడు బెస్సీ స్మిత్ ఇంట్లో పనిచేసిన హువానీటా గ్రీన్. పెద్దవాళ్ళ కంపెనీలకు ఆ సంగతే పట్టలేదు.

ఇక క్లబ్బుల సంగతి. న్యూయార్క్ నగరంలో హార్లెమ్ అని నల్లవాళ్ళ పేట ఉంది. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా చదివిన కొలంబియా యూనివర్సిటీకి ఆనుకునే ఉంటుంది. అక్కడ లెనాక్స్ అవెన్యూ అనే రోడ్డు మీద రెండు ప్రసిద్ధ స్థలాలు ఉండేవి. ఒకటి కాటన్ క్లబ్. పేరు చూడండి. పత్తి క్లబ్బు. తాతలు పత్తి ఏరి నడుములు విరగ్గొట్టుకుంటే, మనుమలు పత్తి పేరు పెట్టిన క్లబ్బులో, దొర తోట బొమ్మలు గీసిన గోడల నడుమ ఆడిపాడాలి. నడిపింది ఓనీ మ్యాడెన్ అనే తెల్ల గూండా. వేదిక మీద అంతా నల్లవాళ్ళు, కుర్చీల్లో తెల్లవాళ్ళు. నల్లవాడు కళాకారుడిగా లోపలికి పోవచ్చు, టికెట్టు కొని పోరాదు. డ్యూక్ ఎల్లింగ్టన్ అనే మహా సంగీతకారుడు 1927 డిసెంబరు నుంచి అక్కడే వాయించాడు. అక్కడి నుంచి రేడియోలో దేశమంతా విన్నది. ఆయన పేట మనుషులు మాత్రం రోడ్డు మీద నిలబడి వినాలి. దేవుని పెండ్లికి మన డప్పు కావాలి, గుడిలోకి మనం పోరాదు. ఇంతకంటే వేరే పోలిక నేను చెప్పను.

రెండోది ఆ పక్కనే, సవాయ్ బాల్‌రూమ్. 1926 లో తెరిచారు. అక్కడ తలుపు దగ్గర రంగు అడగరు. నల్లవాడు, తెల్లవాడు ఒకే నేల మీద ఆడొచ్చు. ఆస్థాన దళం చిక్ వెబ్‌ది. డప్పు తమ్ముళ్ళారా, ఈయన డ్రమ్ములు కొట్టేవాడు. చిన్నప్పుడు వెన్నెముకకు క్షయ సోకి గూని వచ్చింది. పొట్టి మనిషి. 1937 మే 11 న ఈయన దళానికీ, స్వింగ్ రాజు అని పత్రికలు బిరుదిచ్చిన తెల్లాయన బెన్నీ గుడ్‌మన్ దళానికీ సవాయ్‌లో పోటీ పెట్టారు. వేలమంది లోపల, వేలమంది బయట. చిక్ వెబ్ గెలిచాడు. అవతలి దళంలో డ్రమ్ములు కొట్టిన జీన్ క్రూపా తాను ఓడానని తానే ఒప్పుకున్నాడు. తలుపు అందరికీ తెరిస్తే ఎవరి పని ఎంతో తేలిపోతుంది. 1943 లో వ్యభిచారం సాకు చూపి పోలీసులు సవాయ్‌ను కొన్ని నెలలు మూయించారు. నల్లా తెల్లా కలిసి ఆడటమే అసలు కంటగింపని హార్లెమ్ జనం అప్పుడే అన్నారు. 1958 లో శాశ్వతంగా మూతపడింది. ఆ స్థలంలో ఇళ్ళు కట్టారు. 2002 లో ఒక ఫలకం పెట్టారు.

ఫలకం పెట్టాలంటే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలె గదా. సవాయ్‌లో ఆడిన ఫ్రాంకీ మ్యానింగ్ అనే నాట్యకారుడు, ఆ కాలం పోయాక పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. 1980ల్లో యువకులు వెతుక్కుంటూ వచ్చి, పెద్దాయనా, ఆ అడుగులు మాకు నేర్పమన్నారు. డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో మళ్ళీ గురువయ్యాడు. 2009 లో చనిపోయేదాకా దేశదేశాలు తిరిగి నేర్పాడు. ఎవరూ పోయి అడగకపోతే ఆ అడుగులు ఆయనతోనే పోయేవి.

హార్లెమ్‌లో క్లబ్బు లేని పేదలు ఏం చేశారు? అక్కడ నల్లవాళ్ళకు ఇళ్ళ కిరాయి ఎక్కువ, జీతం తక్కువ. నెలాఖరున కిరాయికి తక్కువైతే ఇంట్లోనే పియానో పాట పెట్టి, కూర వండి, వచ్చినవాళ్ళ దగ్గర చిల్లర వసూలు చేసేవారు. జేమ్స్ పి. జాన్సన్, ఫ్యాట్స్ వాలర్ లాంటి మేటి పియానో కళాకారులు అలాంటి ఇళ్ళలో తెల్లారేదాకా వాయించారు. ఇంటి సామాను రోడ్డు మీద పడకుండా పాట కాపాడింది.

మీలో పంతుళ్ళు ఉన్నారు, వాళ్ళ కోసం ఒక మాట. దక్షిణాన నల్లవాళ్ళను చెట్లకు ఉరితీసి చంపే దారుణం మీద ఒక పాట వచ్చింది. పేరు స్ట్రేంజ్ ఫ్రూట్. రాసినాయన ఏబెల్ మీరొపోల్, న్యూయార్క్‌లో హైస్కూల్ టీచరు. పాడింది బిల్లీ హాలిడే, 1939 లో, కెఫే సొసైటీ అనే క్లబ్బులో. అందరికీ ఒకే తలుపు ఉండాలని పట్టుబట్టి 1938 చివర్లో పెట్టిన క్లబ్బు అది. ఆమె పాడే పెద్ద కంపెనీ ఈ పాట రికార్డు చెయ్యమన్నది. భయం. అప్పుడు పాత జాజ్ ప్లేట్లు అమ్ముకునే కమోడోర్ అనే దుకాణంవాళ్ళు తమ చిన్న లేబుల్ మీద ప్లేటు తీశారు. పెద్ద కంపెనీ వద్దన్న సాక్ష్యాన్ని పాత ప్లేట్ల దుకాణం నిలబెట్టింది. తమ్ముడూ, షోకు అన్నవు గదా, ఒక్కోసారి షోకున్నోళ్ళే పనికొస్తారు.

ఆ బిల్లీ హాలిడేను కూడా బతకనియ్యలేదు. న్యూయార్క్‌లో మందు అమ్మే క్లబ్బుల్లో పాడాలంటే 1940 నుంచి 1967 దాకా పోలీసు కార్డు ఉండాలి. 1947 లో మత్తుమందు కేసులో శిక్ష పడ్డాక ఆమె కార్డు తీసేసుకున్నారు. శిక్ష అనుభవించి వచ్చినా, చనిపోయేదాకా, అంటే 1959 దాకా, సొంత నగరం క్లబ్బుల్లో పాడే హక్కు రాలేదు. థెలోనియస్ మంక్ అనే గొప్ప పియానో కళాకారుడి కార్డు 1951 లో తీసుకుంటే, 1957 దాకా తిరిగి ఇయ్యలేదు. జాతరకు, ఊరేగింపుకు అనుమతి కోసం స్టేషన్ చుట్టూ తిరిగినోళ్ళకు ఈ కార్డు సంగతి తొందరగా అర్థమైతది.

ఇప్పుడు సేకరణ సంగతి. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటి రకం. 1930ల నుంచి తెల్ల యువకులు నల్లవాళ్ళ వాడల్లో గడప గడపకు తిరిగి, అమ్మా పాత ప్లేట్లున్నాయా అని అడిగి అణాకు బేడకు కొన్నారు. 2013 లో మిసిసిపీకి చెందిన టామీ జాన్సన్ అనే నల్లజాతి బ్లూస్ గాయకుడి ఒక పాత ప్లేటు 37,100 డాలర్లకు అమ్ముడుపోయింది. పాడినాయన 1956 లోనే పోయాడు. ఆ డబ్బు ఎవరికి చేరింది? ప్లేటు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు.

రెండో రకం వేరు. 1936 లో ఫ్రాన్సులో షార్ల్ డెలోనే అనే యువకుడు ఒక పుస్తకం వేశాడు. ప్లేటు మీద దళనాయకుడి పేరొక్కటే ఉంటుంది గదా. ఈయన ఏ పాట ఏ తేదీన రికార్డయింది, అందులో బూర ఎవరు, డ్రమ్ములు ఎవరు, పియానో ఎవరు అని అడిగి, చెవులు రిక్కించి విని రాశాడు. అట్లాగే 1941 లో జెర్రీ న్యూమన్ అనే కొలంబియా యూనివర్సిటీ విద్యార్థి చిన్న రికార్డింగు యంత్రం మోసుకుని హార్లెమ్‌లో మింటన్స్ అనే క్లబ్బుకు పోయేవాడు. అక్కడ రాత్రిళ్ళు కొత్త తరహా జాజ్ పుడుతున్నది. మరుసటి ఏడు ఆగస్టులో సంగీతకారుల యూనియన్ సమ్మె మొదలై, పెద్ద కంపెనీల్లో 1944 దాకా రికార్డింగు ఆగిపోయింది. ఆ పుట్టుకకు మిగిలిన కొద్ది సాక్ష్యాల్లో ఆ కుర్రవాడి ప్లేట్లు ఉన్నాయి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంకా తెలివైనవాడు. తన మాటలు, తన పాటలు తానే వందల టేపుల మీద ఎక్కించి పెట్టుకున్నాడు. న్యూయార్క్‌లో ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

మన దేశంలోనూ ఈ కథ ఉంది. 1935 లో లియోన్ ఆబీ అనే నల్లజాతి సంగీతకారుడి దళం బొంబాయి తాజ్ హోటల్లో వాయించింది. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే పియానో కళాకారుడు ఇక్కడే ఉండిపోయి 1945 లో కలకత్తాలో కలరాతో చనిపోయాడు. వాళ్ళ దగ్గర నేర్చుకున్న గోవా వాద్యకారులు తర్వాత హిందీ సినిమాల్లోకి పోయారు. 1951 లో వచ్చిన అల్బేలా పాటల్లో మీరు వినే బూర వెనక చిక్ చాకొలెట్ అనే గోవా కళాకారుడున్నాడు. అట్లాంటి చాలామంది పేర్లు ప్లేటు మీదికి ఎక్కలేదు.

అన్నలారా, ఇన్ని పేర్లు చెప్పిన నేను ఒక తప్పు చేసిన. అది చెప్పకుండా కూర్చుంటే ఈ ప్రసంగం అబద్ధమైతది.

మా పెదనాయిన డప్పు కొట్టేవాడు. సిర్ర, సిటికెన పుల్ల పట్టుకుంటే ఊరు ఊరంతా తిరిగి చూసేది. మా నాయిన నన్ను డప్పు ముట్టనియ్యలేదు. "సదువుకో, ఈ వెట్టి మాతోనే పోనీ" అన్నడు. ఆ మాట తప్పనను, ఆయన పడ్డ బాధ అది. కాని నేను చదువుకున్నంక ఏం చేసిన? పెదనాయిన బడి దిక్కు వస్తే తోటి పంతుళ్ళ ముందు సిగ్గుపడ్డ. ఆ నల్ల హంస కంపెనీవాళ్ళు బెస్సీ స్మిత్‌ను చూసినట్టు చూసిన. తర్వాత నాకు బుద్ధొచ్చింది. అమెరికా ప్లేట్లు కొన్న, పుస్తకాలు చదివిన, ఎవరు ఏ తేదీన బూర ఊదిండ్రో రాసుకున్న. మా పెదనాయిన 2019 లో చనిపోయిండు. చావుకు పోయినప్పుడు జేబులో సెల్‌ఫోన్ ఉంది. అందులో ఆయన డప్పు ఒక్క నిమిషం లేదు. వాడ పిల్లల్ని అడిగిన, పెదనాయిన దరువులు ఎన్నొస్తయిరా అని. నాలుగు కొట్టి ఆగిండ్రు. ఆయనకెన్ని వచ్చో లెక్క పెట్టినోడే లేడు. న్యూ ఆర్లియన్స్‌లో బోల్డెన్ కాలానికి ఊరి జనం చేతిలో యంత్రం లేదు. నా జేబులో ఉండె. నాకు ఏ సాకూ లేదు.

అందుకే పని చెప్తున్న, రాసుకోండి. ఒకటి, ఇంటికి పోయినంక పదిహేను రోజుల్లో మీ వాడలో అందరికంటే పెద్ద డప్పు కళాకారుని దగ్గర, అందరికంటే పెద్ద పాటల ముసలమ్మ దగ్గర కూర్చోండి. ఫోన్లో రికార్డు చెయ్యండి. తొందర పెట్టకండి, మూడు నిమిషాల ప్లేటు కాదది. రెండు, ఒక నోటుపుస్తకం పెట్టండి. ఊరు, తేదీ, పాట, ఎవరు పాడిండ్రు, వంత ఎవరు, డప్పు ఎవరు, ఎవరి దగ్గర నేర్చుకున్నరు. ఒక్క పేరు వదలొద్దు, ముఖ్యంగా ఆడవాళ్ళ పేర్లు. మూడు, ఒక్క ఫోన్లోనే ఉంచితే అది పగిలిన రోజు పాట పోతది, మూడు చోట్ల దాచండి. నాలుగు, సినిమావాళ్ళు, పరిశోధకులు వస్తే తరమకండి. పాటిచ్చే ముందు కాగితం మీద పాడినవాళ్ళ పేరు రాయించుకోండి, పైసల సంగతి ముందే మాట్లాడుకోండి.

తమ్ముడూ, షోకు అన్నవు. అవును, కొంత షోకే. ఆ గరగరలో బూర లేచినప్పుడు నా ఒళ్ళు ఇప్పటికీ జలదరిస్తది, అది దాచను. కాని నలభై రెండో ప్లేటు కొనడానికి పెట్టుకున్న పైసలతో ఈ నెల నోటుపుస్తకాలు కొన్న. సంచిలో ఉన్నయి. పోయేటప్పుడు ఊరికొకటి తీసుకపోండి.

జై భీమ్.